ఉంగరం బిగుసుకుంటోంది, గంటకల్లా మళ్ళీ విడిపోతోంది. ఏ ప్రోటీన్ తప్పింది?

జంటకేంద్రకం

హీలా కణాలు (ల్యాబుల్లో పెంచే మనిషి క్యాన్సర్ కణాలు). హిస్టోన్ హెచ్2బి ఆకుపచ్చలో, ట్యూబ్యులిన్ ఎరుపులో వెలిగే లైను. ఆనిలిన్ అనే ప్రోటీన్‌ని తగ్గించడానికి ఎస్ఐ ఆర్ఎన్ఏ వేసి, 48 గంటల తర్వాత నిమిషానికో బొమ్మ చొప్పున రాత్రంతా తీసిన ఫిల్మ్ ఇది. క్రోమోజోములు చక్కగా రెండు వైపులకీ వెళ్తున్నాయి. నడుము దగ్గర గాడి పడుతోంది, పది పన్నెండు నిమిషాల్లో సన్నటి వంతెన అయ్యేదాకా నొక్కుకుపోతోంది, వంతెన నడుమ మిడ్‌బాడీ అనే ముడి కూడా కనిపిస్తోంది. తీరా 50 నిమిషాలో గంటో గడిచేసరికి వంతెన మళ్ళీ లావెక్కి, రెండూ కలిసిపోయి, రెండు కేంద్రకాలున్న ఒక్క కణం మిగులుతోంది.

పాఠ్యపుస్తకాల్లో ఆక్టిన్, మయోసిన్ ఉంగరం బిగుసుకుని కణం రెండవుతుందని ఒక్క వాక్యంలో తేల్చేశారు. ఆనిలిన్ ఆ ఉంగరానికి చట్రం అంటారు. చట్రం లేకపోతే అసలు గాడే పడకూడదు కదా? పోనీ అది ఆనిలిన్ తగ్గడం వల్లే అనుకుందామంటే కంట్రోల్ డిష్‌లోనూ అక్కడక్కడా ఇదే జరుగుతోంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

కండెదారం

ఏ ప్రోటీన్ అనేకంటే ముందు ఎన్నో నిమిషంలో అని చూడండి. అనాఫేజ్, అంటే క్రోమోజోములు విడిపోవడం, మొదలైన బొమ్మని సున్నా అనుకుని ప్రతి కణానికీ లెక్క రాయండి. మనం "తెగడం" అని ఒక్క మాటలో అంటున్నది నిజానికి మూడు పనులు: గాడి పడే చోటు తేల్చడం, ఉంగరం బిగించడం, బిగిసినదాన్ని జారకుండా పట్టుకుని చివర్లో పొరను కోయడం. ఒక్కో పనికీ ఒక్కో జట్టు.

గాడి అసలు పడలేదంటే లోపం పైనెక్కడో ఉంది. ఎక్ట్2, రో-ఏ, పీఎల్‌కే1, సెంట్రల్‌స్పిండ్లిన్ అనే ప్రోటీన్ల గుంపులోని ఎంజీసీరాక్‌గ్యాప్, వీటిలో ఒకటి. గాడి పడి, సగం దాకా వెళ్ళి, పడవలాగా అటూ ఇటూ ఊగి వెనక్కొస్తే ఆనిలిన్‌ని బాగా తగ్గించారన్న మాట. వంతెన అయ్యేదాకా వెళ్ళి, మిడ్‌బాడీ సరిగ్గా కట్టుకోకుండానే తెరుచుకుంటే ఎంకేఎల్‌పీ1 గానీ పీఆర్‌సీ1 గానీ చూడాలి. మిడ్‌బాడీ చక్కగా కట్టుకున్నాక గంటకి తెరుచుకుంటే సిట్రాన్ కైనేజ్, సెప్టిన్లు, లేదా ఆనిలిన్ కొద్దిగా మిగిలి ఉండటం. తెరుచుకోకుండా, తెగకుండా వంతెన గంటల తరబడి అలాగే నిలబడితే సీఈపీ55, ఎస్కర్ట్-3, వీపీఎస్4 జట్టు.

మీది నాలుగోది. ఆనిలిన్ పూర్తిగా పోలేదనిపిస్తోంది.

ఆక్టిన్‌పోగు

కండెదారం గారి లెక్క సరైనదే. చట్రం లేకపోతే గాడే పడకూడదన్న అనుమానం దగ్గర మాత్రం కాస్త ఆగాలి. గాడి పడమని చెప్పేది ఆనిలిన్ కాదు, రో-ఏ.

కథ ఇలా నడుస్తుంది. రో-ఏ అనే చిన్న ప్రోటీన్‌కి జీటీపీ తగిలితే పని, జీడీపీ తగిలితే నిద్ర. దాన్ని లేపేది ఎక్ట్2. లేచిన రో-ఏ నడుము చుట్టూ పట్టీలాగా పరుచుకుని రెండు వైపులా పని పురమాయిస్తుంది. ఒకవైపు ఫార్మిన్లు లేచి కొమ్మల్లేని తిన్నటి ఆక్టిన్ పోగులు అల్లుతాయి. రెండోవైపు రాక్ కైనేజ్ లేచి మయోసిన్-2 చిన్న గొలుసు మీద 19వ సెరైన్‌కి ఫాస్ఫేట్ తగిలిస్తుంది, ఆ ఫాస్ఫేట్ ఊడదీసే ఫాస్ఫటేజ్‌ని కూడా నొక్కిపెడుతుంది. దాంతో మయోసిన్ పోగులుగా కట్టుకుని ఆక్టిన్‌ని లాగుతుంది.

ఆనిలిన్ వీటన్నిటికీ ముడి. దాని ముందు భాగం ఆక్టిన్‌నీ మయోసిన్‌నీ పట్టుకుంటుంది, తోక భాగం రో-ఏనీ సెప్టిన్లనీ పొరలోని కొవ్వునీ పట్టుకుంటుంది. ముడి లేకపోయినా పోగులు అల్లుకుంటాయి, లాగుతాయి కూడా. కానీ లాగిన చోట నిలవవు. అందుకే ఆ ఊగడం.

నూనెలెన్స్100

ఆనిలిన్ తగ్గిందో లేదో ముందు వెస్టర్న్ బ్లాట్‌లో (ప్రోటీన్ ఎంత ఉందో పట్టీగా చూపే పరీక్ష) తేల్చుకోండి. ఒక చిక్కుంది: ఆనిలిన్ ఇంటర్‌ఫేజ్‌లో (రెండు విభజనల మధ్య) కేంద్రకంలో దాక్కుంటుంది, విభజన ముగింపులో ఏపీసీ అనే ప్రోటీన్ల జట్టు దాన్ని నాశనానికి పంపుతుంది. కాబట్టి డిష్ మొత్తం గీకి తెచ్చిన నమూనాలో ఏ దశ కణాలు ఎక్కువుంటే ఆ లెక్కే వస్తుంది. డిష్ తట్టి, గుండ్రబడి తేలిన మైటోసిస్ కణాల్ని మాత్రమే ఏరి కంట్రోల్‌తో పోల్చండి. పక్క వరసల్లో కంట్రోల్ నమూనానే 100, 50, 25, 12.5 శాతానికి పలచన చేసి నడపండి. మీ పట్టీ ఏ వరసతో సరిపోలితే అంత మిగిలినట్టు. కంటికి పట్టీ మాయమైందంటే 90 శాతం పోయిందని కాదు.

పాఠంచెప్పేవాడు

మధ్యలో ఒక మౌలికమైన ప్రశ్న. రో-ఏ నడుము దగ్గరే ఎందుకు లేస్తుంది? గుండ్రటి కణానికి నడుము ఎక్కడో ఎవరు చెప్తారు? ఇంటర్ పిల్లలు ప్రతి ఏడూ అడిగేది ఇదే, పుస్తకంలో జవాబు లేదు.

కండెదారం

కండె (క్రోమోజోముల్ని రెండు వైపులకీ లాగే సూక్ష్మనాళికల అమరిక, స్పిండిల్) చెప్తుంది. దీనికి 1961లో రేమండ్ రాపపోర్ట్ చేసిన ప్రయోగాన్ని మించిన పాఠం లేదు. శాండ్ డాలర్ అనే సముద్రజీవి గుడ్డుని తీసుకుని, నడిమధ్యలో గాజుపూస నొక్కి, కణాన్ని గారెలాగా చేశాడు. మొదటి విభజనలో కండె గారెకి ఒక పక్కనే ఉంది, గాడి ఆ పక్కనే పడింది. గారె తెగి వంకీలాగా సాగిన ఒక్క కణమైంది, రెండు కొసల్లో రెండు కేంద్రకాలు. రెండో విభజనలో రెండు కండెలు. ఒక్కో కండె మీద ఒక్కో గాడి పడాలి, పడింది. అది కాక, రెండు కండెల వీపులు ఎదురుబొదురుగా ఉన్న చోట మూడో గాడి కూడా పడింది. అక్కడ క్రోమోజోములు లేవు, కండె మధ్యభాగమూ లేదు. కండె కొసల నుంచి చుట్టూ నక్షత్రంలా విచ్చుకునే సూక్ష్మనాళికలు రెండు పక్కల నుంచీ వచ్చి ఎదురుపడిన చోటు, అంతే. గారె నాలుగు కణాలైంది.

అంటే గాడి ఆజ్ఞ క్రోమోజోముల్లో లేదు, సూక్ష్మనాళికల్లో ఉంది. గుడ్డులాంటి పెద్ద కణానికి నక్షత్రాలు చాలు. హీలాలాంటి చిన్న కణంలో కండె మధ్యభాగమే పెద్దమనిషి.

పాఠంచెప్పేవాడు

గారె! రేపటి పాఠానికి ఇదే. పిల్లలు చచ్చినా మర్చిపోరు.

స్లైడుపెట్టె

నేనైతే "కండె చెప్తుంది" అని ఊరుకోను. నడుముకి "లే" అని చెప్పడం ఒక దారి, ధ్రువాలకి, అంటే కణం రెండు కొసలకి, "పడుకో" అని చెప్పడం ఇంకో దారి. ఈ రెండో దారిని 1960 నుంచీ వాదిస్తున్నారు, ఆధారాలూ ఉన్నాయి. సీ. ఎలిగాన్స్ పురుగు పిండంలో నక్షత్రాల మీది అరోరా ఏ, టీపీఎక్స్ఎల్-1 సాయంతో ధ్రువాల దగ్గర పోగులు పేరుకోకుండా ఊడ్చేస్తుంది. ఈగ కణాల్లో, మనిషి కణాల్లో క్రోమోజోముల మీది పీపీ1 ఫాస్ఫటేజ్ ధ్రువాలకి దగ్గరైనప్పుడు అక్కడి పొర కింది ఎజ్రిన్ జాతి ప్రోటీన్లకి ఫాస్ఫేట్ ఊడదీసి మెత్తబరుస్తుంది. ధ్రువాలు వదులైతేనే నడుము బిగుస్తుంది.

కండెదారం

ధ్రువాల మెత్తదనం సాయమే, కాదనను. కానీ అది లేకపోయినా గాడి పడుతుంది, ఎక్ట్2 లేకపోతే పడదు. 2016లో వాగ్నర్, గ్లాట్జర్ వెలుగుతో రో-ఏని లేపి చూశారు. కణంలో ఎక్కడ నీలి వెలుగు వేస్తే అక్కడ గాడి మొదలైంది, చివరికి ధ్రువం దగ్గర వేసినా, మైటోసిస్‌లో లేని కణంలో వేసినా. అంటే రో-ఏ ఒక్కచోట లేస్తే చాలు.

స్లైడుపెట్టె

అది నిజమే. "చాలు" అన్నదానికీ "మామూలుగా జరిగేది అదొక్కటే" అన్నదానికీ తేడా ఉందంటున్నాను. గుడ్డుకి, పురుగు పిండానికి, హీలాకి పాళ్ళు వేరు. జంటకేంద్రకం గారికి దీంతో ఒక ఉపయోగం: ఫిల్మ్‌లో ధ్రువాల దగ్గర బుడగలు కనిపిస్తే లోపం అనుకోవద్దు. లోపలి ఒత్తిడి బయటికి పోయే దారులవి. ఒకే ధ్రువం పెద్దగా ఉబ్బి, కండె మొత్తం అటూ ఇటూ జారుతుంటే మాత్రం రాసుకోండి.

బోటనీ_మేడం

మొక్క కణంలో ఈ ఉంగరం లేదు, గోడ మధ్యలోంచి బయటికి కట్టుకొస్తుంది. కానీ పీఆర్‌సీ1కి మొక్కల్లో దాయాది ఉంది, ఎంఏపీ65. అక్కడా అదే పని: ఎదురెదురుగా వచ్చే సూక్ష్మనాళికల కొసల్ని కట్టగట్టడం. కత్తి మారింది, కట్ట కట్టడం మారలేదు.

రాత్రి_ఇంక్యుబేటర్

చోటు గురించి చెప్పారు, వేళ ఎవరు చెప్తారో కూడా ఈ దారంలో ఉండాలి. క్రోమోజోములు విడిపోకముందే గాడి పడితే వాటిని అడ్డంగా నరికేస్తుంది.

ఆ తాళం సీడీకే1 అనే కైనేజ్ (ఫాస్ఫేట్ తగిలించే ప్రోటీన్) చేతిలో ఉంది. సైక్లిన్ బి ఉన్నంతసేపూ సీడీకే1 ఎక్ట్2కీ, పీఆర్‌సీ1కీ, అరోరా బి ముఠాకీ, ఎంకేఎల్‌పీ2కీ ఫాస్ఫేట్లు తగిలించి కదలనివ్వదు. ఆఖరి క్రోమోజోము కండెకి సరిగ్గా తగులుకున్నాక ఏపీసీ లేచి సైక్లిన్ బిని నాశనానికి పంపుతుంది, తాళం ఊడుతుంది. పీఆర్‌సీ1 ఎదురెదురు సూక్ష్మనాళికల్ని కట్టగడుతుంది, కేఐఎఫ్4ఏ ఆ కట్టని కొసలకి మోస్తుంది. ఎంకేఎల్‌పీ2 అరోరా బిని క్రోమోజోముల మీంచి దింపి నడిమికి చేరుస్తుంది. అక్కడ అరోరా బి ఎంకేఎల్‌పీ1 మీద ఫాస్ఫేట్ పెట్టి, దాన్ని పట్టి ఉంచిన 14-3-3 ప్రోటీన్‌ని వదిలిస్తుంది, సెంట్రల్‌స్పిండ్లిన్ గుంపు కడుతుంది. పీఎల్‌కే1 వచ్చి ఎంజీసీరాక్‌గ్యాప్ మీద ఫాస్ఫేట్ పెడుతుంది. ఆ ఫాస్ఫేట్‌ని చూసే ఎక్ట్2 వచ్చి వాలుతుంది. పక్కనే పొర, పొరలో రో-ఏ. హీలాలో ఇదంతా ఐదారు నిమిషాల్లో.

జంటకేంద్రకం

ఈ వరసలో ఒక మెట్టుని కావాలని ఆపి చూడొచ్చా? గాడి అసలు పడని కంట్రోల్ ఒకటి పెట్టుకుంటే పోల్చడానికి వీలు.

రాత్రి_ఇంక్యుబేటర్

పీఎల్‌కే1ని ఆపడం తేలిక. బీఐ 2536, 100 నానోమోలార్. ఎప్పుడు వేస్తారన్నదే అసలు సంగతి. మైటోసిస్‌కి ముందే వేస్తే కండె రెండు ధ్రువాలుగా విడిపోకుండా, ఒంటి ధ్రువంతో ప్రోమెటాఫేజ్‌లోనే ఆగిపోతాయి, గాడి ప్రశ్నే రాదు. అందుకని ముందు సీడీకే1ని ఆపే ఆర్ఓ-3306 మందు తొమ్మిది మైక్రోమోలార్‌లో 16 నుంచి 20 గంటలు ఉంచి జీ2 చివర, అంటే మైటోసిస్‌కి సరిగ్గా ముందు, నిలపండి. రెండుమూడు సార్లు వెచ్చటి మీడియంతో కడిగి వదిలితే గంటలోపే మైటోసిస్‌లోకి దిగుతాయి. మైక్రోస్కోప్ కింద చూస్తూ, అనాఫేజ్ మొదలైన క్షణంలో మందు వేయాలి. క్రోమోజోములు విడిపోతాయి, నడుము మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు ఉంటుంది.

కడగడం సరిగ్గా లేకపోతే ఆర్ఓ-3306 మిగిలిపోయి సీడీకే1ని సగం నొక్కిపెడుతుంది, అప్పుడు వేళలన్నీ చెడతాయి. మీడియం 37 డిగ్రీలకి ముందే వెచ్చబెట్టండి. చల్లటి మీడియం పోస్తే సూక్ష్మనాళికలు విడిపోతాయి.

గోదారిగట్టు

అంత కష్టం దేనికి, బ్లెబ్బిస్టాటిన్ 50 మైక్రోమోలార్ వేస్తే మయోసిన్ ఆగిపోతుందిగా.

నూనెలెన్స్100

వద్దండీ, ఈ లైనుకి అసలే వద్దు. బ్లెబ్బిస్టాటిన్ నీలి వెలుగుకి చెడిపోతుంది, చెడిపోయేటప్పుడు పుట్టేవి కణానికి విషం. ఆకుపచ్చ హిస్టోన్ కోసం 488 నానోమీటర్ల లేజర్ వేస్తే మందూ పోతుంది, కణమూ పోతుంది. 561 గానీ 640 గానీ మాత్రమే వాడే లైనైతే సరే, లేదా వెలుగుని తట్టుకునే పారా-నైట్రో రకం. పైగా మీడియంలో తేలిగ్గా స్ఫటికాలు కడుతుంది, వేసిన మోతాదు కణానికి అందినట్టు కాదు.

గోదారిగట్టు

488 సంగతి తట్టలేదు, మంచిది. మయోసిన్ మీద మాత్రం ఒక అనుమానం ఉంది. అది నిజంగా లాగుతుందా, ఊరికే పట్టుకుని ఉంటుందా? 2012లో కోతి మూత్రపిండ కణాల్లో, ఎలుక గుండె కణాల్లో మోటారు చచ్చిన మయోసిన్‌తో కూడా విభజన జరిగిందని చూపించారు కదా.

ఆక్టిన్‌పోగు

చూపించారు. 2019లో సీ. ఎలిగాన్స్ పిండంలో అదే చేస్తే జరగలేదు, మోటారు ఉండాల్సిందేనని తేలింది. కణం డిష్‌కి అంటుకుని ఉంటే రెండు పక్కలా పాకి తమను తాము లాక్కోగలవు, ఆ సాయం ఉన్నచోట మోటారు లోపం బయటపడదు. డిక్టియోస్టీలియం అనే అమీబాలో 1987లోనే ఇది కనిపించింది: మయోసిన్ జన్యువు చెడగొడితే ద్రవంలో తేలే కణాలు బోలెడు కేంద్రకాలతో ఉబ్బిపోయాయి, గాజు మీద అంటుకున్నవి పాకి పాకి తెగాయి. పిండం గుడ్డు పెంకులో ఉంది, పాకే వీల్లేదు. తేడా అక్కడే ఉందని నా నమ్మకం.

పాఠంచెప్పేవాడు

ఉంగరం బిగియడాన్ని తిత్తి మూతి బొందు లాగినట్టు అని చెప్తే తప్పా?

ఆక్టిన్‌పోగు

సగం ఒప్పు. బొందు లాగితే మిగిలిన తాడు బయటికొచ్చి చేతిలో ఉంటుంది, మూతి దగ్గర గుడ్డ కుచ్చుపడుతుంది. ఇక్కడ తాడు బయటికి రాదు. 1972లో ష్రోడర్ సముద్రపు అర్చిన్ గుడ్లలో ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌తో కొలిచి చూశాడు: ఉంగరం చిన్నదవుతున్నా మందం పెరగడం లేదు. అంటే బిగుస్తూ బిగుస్తూ తాడే కరిగిపోతోంది. పోగులు ఊడి కణద్రవ్యంలో కలిసిపోతున్నాయి. అందుకే జాస్ప్లాకినోలైడ్‌లాంటివి వేసి ఆక్టిన్‌ని కరగకుండా గట్టిపరిచినా బిగియడం దెబ్బతింటుంది.

స్లైడుపెట్టె

మళ్ళీ మొదటి ప్రశ్నకి. కంట్రోల్‌లో కూడా తెరుచుకుంటున్నాయన్నారు. అది ఎవరూ పట్టించుకోలేదు. నా దృష్టిలో అదే ముందు తేల్చాల్సింది. నిమిషానికో బొమ్మ, రాత్రంతా, 488. ఆ వెలుగుకే డీఎన్ఏ దెబ్బతింటుంది. అదే డిష్‌లో లేజర్ పడని మూల ఒకటి గుర్తుపెట్టుకుని, ఫిల్మ్ అయ్యాక డిష్‌ని ఫిక్స్ చేసి, రెండు చోట్లా జంట కేంద్రకాలు లెక్కపెట్టండి. తేడా ఉంటే తప్పు వెలుగుది. మూడు నుంచి ఐదు నిమిషాలకి ఒక బొమ్మ చాలు, తెరుచుకోవడాన్ని అది వదలదు. ఎక్స్‌పోజర్ సగానికి తగ్గించి 2×2 బిన్నింగ్ పెట్టండి. ఎర్ర ట్యూబ్యులిన్‌తోనే వంతెన కనిపిస్తుంది, ఆకుపచ్చని ఐదు బొమ్మలకి ఒకసారి వేసినా సరిపోతుంది.

ఇంకొకటి, కణాల్ని ఒకే దశకి తేవడానికి ఏం వాడారు?

జంటకేంద్రకం

థైమిడిన్ 2 మిల్లీమోలార్, రెండుసార్లు.

స్లైడుపెట్టె

అనుకున్నాను. థైమిడిన్‌తో డీఎన్ఏ కాపీ అయ్యే పని నత్తనడక పడుతుంది. కాపీ పూర్తికాని ముక్కలు అనాఫేజ్‌లో దారాల్లా సాగి వంతెనలో ఇరుక్కుంటాయి. డాపీలో (డీఎన్ఏ రంగు) కనిపించవు, చాలా సన్నం. కేంద్రక పొర ప్రోటీన్ ల్యాప్2-బీటాకి యాంటీబాడీ వేసి చూడండి. కేంద్రక పొర ఆ దారం చుట్టూ కట్టుకుంటుంది కాబట్టి గీతలాగా వెలుగుతుంది. పాజిటివ్ కంట్రోల్ కావాలంటే అఫిడికోలిన్ 0.4 మైక్రోమోలార్, 24 గంటలు.

కండెదారం

దీనికి నేను ఒక సవరణ పెడతాను. వంతెనలో డీఎన్ఏ దారం ఉంటే కణం వెంటనే తెరుచుకోదు, ముందు ఆగుతుంది. అరోరా బి మిడ్‌బాడీ దగ్గర చల్లారకుండా ఉండి సీహెచ్‌ఎంపీ4సికి ఫాస్ఫేట్ పెడుతుంది, కోత వాయిదా పడుతుంది. మామూలు హీలాలో గాడి బిగిసిన గంట, గంటన్నరకి కోత పడితే, దారం ఉన్నప్పుడు ఇంకా చాలా ఆలస్యం. ఆ ఆలస్యంలోనే వంతెనని నిలబెట్టి ఉంచేది కూడా అరోరా బినే. అలాంటి కణానికి అరోరా బి మందు, అంటే జెడ్ఎం447439లాంటిది వేస్తే అప్పుడు వెనక్కి తెరుచుకుంటుంది. కాబట్టి దారం ఒక్కటే చాలదు. దారం ఉండి, వంతెనని పట్టి ఉంచే ఆనిలిన్ కూడా సగం ఉంటే, గంటకి తెరుచుకోవడం అర్థమవుతుంది. మీ రెండు డిష్‌ల తేడా అదే కావచ్చు.

మిడ్‌బాడీ

చివరి కోత గురించి ఇంకా ఎవరూ పూర్తిగా రాయలేదు కాబట్టి రాస్తున్నాను.

ఉంగరం బిగిసి మిగిలే వంతెన అడ్డకొలత ఒకటి, ఒకటిన్నర మైక్రోమీటరు. ఉంగరం ఇక అంతకంటే బిగియదు, మధ్యలో సూక్ష్మనాళికల కట్ట అడ్డం. ఆ కట్ట నట్టనడుమ నల్లగా కనిపించే ముడినే వాల్టర్ ఫ్లెమింగ్ 19వ శతాబ్దంలో చూశాడు. ఇప్పుడు మిడ్‌బాడీ అంటున్నాం. పీఎల్‌కే1 ఉన్నంతసేపూ సీఈపీ55ని అక్కడికి రానివ్వదు. పీఎల్‌కే1 నాశనమయ్యాక సీఈపీ55 వచ్చి వాలుతుంది, దాని వెనకాలే ఎలిక్స్, టీఎస్‌జీ101, వాటి వెనకాల ఎస్కర్ట్-3. ఎస్కర్ట్-3 ముడికి పక్కగా, సుమారు ఒక మైక్రోమీటరు దూరంలో, 17 నానోమీటర్ల పోగుల్ని స్ప్రింగులాగా పొర లోపలివైపు చుట్టి నొక్కుతుంది. స్పాస్టిన్ లోపలి సూక్ష్మనాళికల్ని ముక్కలు చేస్తుంది. వీపీఎస్4 ఏటీపీ ఖర్చుపెట్టి ఆ పోగుల్ని విప్పి మళ్ళీ చుట్టిస్తుంది. పొర తెగుతుంది.

ఎయిడ్స్ వైరస్ కణంలోంచి తెగి బయటపడటానికి అరువు తెచ్చుకునేది కూడా ఈ ఎలిక్స్, టీఎస్‌జీ101, ఎస్కర్ట్-3 జట్టునే. లోపలివైపు నుంచి మెడ నొక్కాలి, రెండు చోట్లా జ్యామితి ఒకటే.

ఫిల్మ్‌లో కోత ఎప్పుడు పడిందో తేల్చాలంటే పొర రంగుని నమ్మొద్దు. వంతెనలో ట్యూబ్యులిన్ వెలుగు ముడికి ఒక పక్క ఉన్నట్టుండి మాయమయ్యే బొమ్మని పట్టుకోండి.

పాఠంచెప్పేవాడు

మిడ్‌బాడీకి తెలుగులో మాట లేదు. బొడ్డుతాడు అంటే ఎలా ఉంటుంది? పుట్టాక కోసేది అదేగా.

బోటనీ_మేడం

బొడ్డుతాడు తల్లికీ బిడ్డకీ మధ్య ఉంటుంది మాస్టారూ, ఇవి రెండూ తోబుట్టువులు!

మిడ్‌బాడీ

తాడు అంటే వంతెనకి సరిపోతుంది. ముడికి మాత్రం రాదు, ఎందుకంటే కోత ముడి మీద పడదు, పక్కన పడుతుంది. తరచూ రెండో పక్కన కూడా పడుతుంది. ముడి విడిగా మిగిలి, ఏదో ఒక పిల్ల కణం ఉపరితలానికి అంటుకుని ఉంటుంది, లేదా కణం దాన్ని మింగేస్తుంది. "నడిముడి" అనండి. మంత్రసాని మాత్రం ఎస్కర్ట్-3నే.

గోదారిగట్టు

బిళ్ళగన్నేరు మందు విన్‌క్రిస్టిన్ కూడా కణవిభజననే ఆపుతుంది కదా, దాన్ని ఈ ప్రయోగంలో కంట్రోల్‌గా వాడొచ్చా?

రాత్రి_ఇంక్యుబేటర్

వాడొద్దు, అది వేరే మెట్టు. విన్‌క్రిస్టిన్, నోకోడజోల్, అడవినాభి దుంపలోని కోల్చిసిన్, ఇవన్నీ సూక్ష్మనాళికల్ని దెబ్బతీస్తాయి. క్రోమోజోములు తగులుకోవు, మ్యాడ్2, బబ్ఆర్1 కాపలా ఏపీసీని లేవనివ్వదు, కణం మెటాఫేజ్ దాటదు. గాడి దాకా రానే రాదు. చాలాసేపు ఆగి జారిపోయిన కణంలో కూడా రెండు పట్ల డీఎన్ఏ ఉంటుంది, చూసి పొరబడటం తేలిక. తేడా కేంద్రకంలో కనిపిస్తుంది: జారిపోయినదానికి ఒకే పెద్ద గజిబిజి కేంద్రకం, చుట్టూ చిన్న చిన్న ముక్కలు. గాడి తెరుచుకున్నదానికి సమానమైన రెండు నున్నటి కేంద్రకాలు పక్కపక్కనే. డీఎన్ఏ మొత్తాన్ని మాత్రమే కొలిచే ఫ్లో సైటోమెట్రీ ఈ రెండిటినీ వేరు చేయలేదు.

స్లైడుపెట్టె

జంట కేంద్రకాల్ని కావాలనే చేయించే పరీక్ష ఒకటుంది. జన్యు విభాగాల్లో రక్తం మీద చేసే మైక్రోన్యూక్లియస్ పరీక్ష. లింఫోసైట్లకి (ఒక రకం తెల్లకణాలు) విభజన మొదలుపెట్టించే పీహెచ్ఏ వేసి, 44వ గంటకి సైటోకాలసిన్-బి మిల్లీలీటరుకి 6 మైక్రోగ్రాముల మోతాదులో వేస్తారు. ఆక్టిన్ పోగు పెరగదు, గాడి పడదు, కేంద్రకాలు మాత్రం రెండవుతాయి. 72వ గంటకి తీసి, వెయ్యి జంట కేంద్రకాల కణాల్లో పక్కన చిన్న కేంద్రకాలు ఎన్నో లెక్కపెడతారు. ఒకసారి విభజన దాకా వచ్చిన కణం ఏదో గుర్తుపట్టడానికే ఆ మందు.

పాఠంచెప్పేవాడు

జంట కేంద్రకం అంటే రోగమేనా?

మిడ్‌బాడీ

కాదు. కాలేయ కణాల్లో చాలా వాటికి రెండు కేంద్రకాలు సహజం. ఎలుక గుండె కండర కణాలు పుట్టిన కొద్ది రోజుల్లో గాడి పూర్తి చేయకుండానే ఆగిపోతాయి. వృషణంలో వీర్యకణాల తల్లి కణాలు వంతెనలు కోసుకోవు, కలిసే ఎదుగుతాయి. అక్కడ టెక్స్14 అనే ప్రోటీన్ సీఈపీ55ని ముందే పట్టేసుకుని ఎలిక్స్‌ని రానివ్వదు. టెక్స్14 లేని మగ ఎలుకకి సంతానం కలగదు. 

తప్పాల్సిన చోట కాకుండా వేరే చోట తప్పితే రోగమే. స్వీడన్‌లో ఒక పెద్ద కుటుంబంలో తరతరాలుగా వస్తున్న రక్తహీనతకి కారణం కేఐఎఫ్23లో ఒక్క అమైనో ఆమ్లం మార్పని 2013లో తేలింది. కేఐఎఫ్23 అంటే ఇందాకటి ఎంకేఎల్‌పీ1నే. ఎముక మజ్జలో ఎర్రకణాల తల్లి కణాలు బోలెడు కేంద్రకాలతో ఉంటాయి. సిట్రాన్ కైనేజ్ జన్యువు రెండు ప్రతులూ చెడితే బిడ్డ చిన్న తలతో పుడుతుంది, మెదడు తల్లి కణాలు తెగలేక చస్తాయి. ఒకే ఉంగరం, కానీ ఒక్కో కణజాలం ఒక్కో ప్రోటీన్ మీద ఎక్కువ ఆనుకుని ఉంటుంది. హీలాలో వచ్చిన ఫలితాన్ని అన్నిటికీ అంటించొద్దని చెప్పడానికి ఇంతకంటే మంచి రుజువు లేదు.

నూనెలెన్స్100

రో-ఏ పట్టీని ఫిక్స్ చేసిన కణాల్లో చూడాలనుకునేవాళ్ళకి: ఫార్మాల్డిహైడ్ వాడితే రో-ఏ కణమంతా మసకగా పరుచుకుని కనిపిస్తుంది, పట్టీ రాదు. ట్రైక్లోరోఎసిటిక్ ఆమ్లం 10 శాతం, మంచు మీద చల్లబరిచి, 15 నిమిషాలు. తర్వాత 30 మిల్లీమోలార్ గ్లైసిన్ కలిపిన పీబీఎస్‌తో కడగాలి, లేకపోతే మిగిలిన ఆమ్లం యాంటీబాడీని చెడగొడుతుంది. ట్రైటన్ 0.2 శాతం. ఆకుపచ్చ ప్రోటీన్ వెలుగు ఈ ఆమ్లానికి పోతుంది, కాబట్టి హెచ్2బి కోసం డాపీ వేసుకోవాలి. ఆనిలిన్‌కీ ఇదే పద్ధతి పనికొస్తుంది. ట్యూబ్యులిన్, మిడ్‌బాడీ ప్రోటీన్లకి మాత్రం మైనస్ 20 డిగ్రీల మెథనాల్ మంచిది.

జంటకేంద్రకం

మీరు చెప్పినవి వరసగా చేసి చూశాను. లేజర్ పడని మూలలో కంట్రోల్ కణాల్లో జంట కేంద్రకాలు దాదాపు లేవు, పడిన చోట ఉన్నాయి. స్లైడుపెట్టె గారి అనుమానమే నిజం. థైమిడిన్ మానేసి, నాలుగు నిమిషాలకో బొమ్మ తీస్తే కంట్రోల్ శుభ్రంగా ఉంది.

ఆనిలిన్ డిష్‌లో మాత్రం లేజర్ పడని చోట కూడా తెరుచుకుంటున్నాయి. బ్లాట్‌లో నా పట్టీ 25 శాతం వరసతో సరిపోయింది, అంటే పావు వంతు మిగిలే ఉంది. మోతాదు అలాగే ఉంచి 72 గంటలకి చూస్తే కొన్ని కణాల్లో గాడి సగంలోనే ఊగి వెనక్కొస్తోంది. కండెదారం గారు మొదటి పోస్టులో చెప్పిన ఊగడం ఇదే అనుకుంటున్నాను. రో-ఏ పట్టీ ఆమ్లం పద్ధతిలో చక్కగా వచ్చింది, ఆనిలిన్ తగ్గిన కణంలోనూ నడుము దగ్గరే ఉంది.

కండెదారం

అయితే ప్రశ్న తేలింది. చోటు చెప్పే జట్టు బాగుంది, పట్టి ఉంచే జట్టు తగ్గింది. 48 గంటలకి పావు వంతు ఆనిలిన్ గాడికి చాలింది, వంతెనని గంటసేపు నిలపడానికి చాలలేదు.

ఇక మిగిలింది ఒకటే: ఇది ఆనిలిన్ వల్లే, ఎస్ఐ ఆర్ఎన్ఏ ఇంకేదో జన్యువుని తగలడం వల్ల కాదు అని చూపించడం. ఎస్ఐ ఆర్ఎన్ఏ అతుక్కునే 21 అక్షరాల్లో ఐదారింటిని అమైనో ఆమ్లం మారకుండా మార్చిన ఆనిలిన్‌ని కణాల్లో పెట్టి మళ్ళీ చేయండి. దానికి ఆకుపచ్చ తగిలించకండి, హెచ్2బితో కలిసిపోతుంది. 640లో వెలిగే ట్యాగ్ పెట్టుకోండి. మరీ ఎక్కువ వెలిగే కణాల్ని లెక్కలోకి తీసుకోకండి, ఆనిలిన్ అతిగా ఉన్నా గాడి చెడుతుంది. మామూలు మోతాదు ఉన్న కణాల్లో వంతెన నిలబడి, గంటన్నరలో ఒక పక్క ట్యూబ్యులిన్ తెగితే చాలు.

జంటకేంద్రకం

ప్లాస్మిడ్ మార్పు మొదలుపెట్టాను, ఆరు అక్షరాలు. తోక భాగం తీసేసిన రకం కూడా పక్కనే పెడుతున్నాను, సెప్టిన్లని పట్టుకోలేనిది.

ఆక్టిన్‌పోగు

తోక లేనిదాన్ని సెప్టిన్ యాంటీబాడీతో కూడా చూడండి. గాడి దగ్గర సెప్టిన్ రాకపోతేనే తోక నిజంగా పోయినట్టు.